మంచు మీద వదిలేసిన కుందేలు

"నీ పొగరుకి నేను లెంపలేసుకోవాల్సొస్తోంది. అదీ ముక్కూ మొహం తెలీని వాళ్ళ ముందు," అంది ఇంగా. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆవిడ చేతిలోంచి ఫోను దిగలేదు. పొయ్యి మీద గ్రేచ్కా గింజల గంజి మాడు వాసనొస్తున్నా అటు తిరగలేదు.

జ్లాతా కిటికీకి ఆనుకుని, గిన్నె గుండెల దగ్గర పెట్టుకుని నిలబడి తింటోంది. పదిహేనేళ్ళ పిల్ల. మంచు మీద స్కేటింగ్ చేస్తూ గాల్లో నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగే ఆడపిల్లలు దేశంలో ఎందరున్నారని అడిగితే ముందు దాని పేరే చెబుతారు. తల్లి మాటలకి అది చెంచా ఆపిందే గానీ నోరు విప్పలేదు.

"చదువుతాను విను. 'రెండు పతకాలొచ్చేసరికి మహారాణి గారికి నేల కనిపించడం లేదు.' ఇది ఓమ్‌స్క్ నుంచి ఎవరో. 'ఇలాంటి పిల్లని కన్న తల్లిని అనాలి.' ఇది నాకు. పేరు పెట్టి మరీ."

వంటింటి మూల సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న తయా నవ్వింది. తయా పెద్దది. ఇరవై రెండేళ్ళు. ఒకప్పుడు ఈ ఇంట్లో పతకాలు తెచ్చింది అదే. ఇప్పుడు ఎడం తుంటి అరిగిపోయి, కుంటుకుంటూ వెళ్ళి పక్కపేట ఐస్ రింక్‌లో పసిపిల్లలకి పడిపోకుండా నిలబడడం నేర్పుతోంది. మిగతా సమయమంతా ఈ సోఫాలో కూర్చుని అందరినీ చూసి నవ్వుతుంది. నవ్వడానికి ఈ ఇంట్లో సరుకు తక్కువేమీ లేదు.

ఇవాళ్టి సరుకు కుందేలు. ఆదివారం పోటీలో జ్లాతా ఆట ముగియగానే ఎప్పట్లాగే మంచు మీద బొమ్మల వాన కురిసింది. ఎలుగుబంట్లు, పిల్లులు, ఏనుగులు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల కమ్మీ మీంచి వంగి, వాళ్ళమ్మమ్మ అల్లిన ఊలు కుందేలుని సరిగ్గా జ్లాతా కాళ్ళ ముందు పడేలా విసిరింది. ఏ ఆటగత్తె అయినా కనీసం ఒక్క బొమ్మనైనా వంగి తీసుకుని గుండెలకి హత్తుకుంటుంది. అది మర్యాద. జ్లాతా ఆ కుందేలుని చూసింది. చూసి, దాని చుట్టూ తిరిగి, తల మాత్రం ఊపి వెళ్ళిపోయింది. ఆ చిన్నపిల్ల బావురుమని ఏడవడం టీవీ వాళ్ళు దగ్గర్నుంచి చూపించారు. అంతే, దేశమంతా ఒంటికాలి మీద లేచింది.

తయాకి ఈ గోల భలే నచ్చింది. ఈ జనమే మొన్నటి దాకా చెల్లెల్ని దేవకన్య అన్నారు. వాళ్ళని చూస్తే అసహ్యం. కుందేలు కోసం కన్నీళ్ళు పెట్టుకునే ఈ పెద్దమనుషులెవరూ, ఆ బొమ్మల్ని చివరికి సంచుల్లో కుక్కి పిల్లల ఆసుపత్రికి తోలేస్తారని తెలిసి కూడా అడగరు. ఇక జ్లాతా సంగతి సరేసరి. ఇజెవ్‌స్క్‌లో రెండు జడలేసుకుని అక్క బూట్ల తాళ్ళు కట్టిన పిల్ల, మాస్కో వచ్చి బొమ్మల్ని చూసి మొహం తిప్పుకునే స్థాయికి ఎదిగింది. కొమ్ములు మొలిచాయని తయా అనుకుంది. అనుకుని కాస్త సంతోషపడింది కూడా.

"దీన్ని ఇలా వదిలేస్తే రేపు పోటీల్లో జనం గేలి చేస్తూ ఈలలు వేస్తారు," అంది ఇంగా. "రిమ్మా అర్కాద్యెవ్నా గారు ఉపాయం చెప్పారు. ఆ కుందేలుని రింక్ వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించారు. నిన్న సంచిలో పెట్టి పంపించారు. ఇదుగో."

సంచిలోంచి కుందేలు బయటికొచ్చింది. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. అల్లిన ముసలావిడకి చూపు ఆనదేమో పాపం.

రిమ్మా అర్కాద్యెవ్నా అంటే కోచ్. ఆ పేరు ఈ ఇంట్లో గోడకున్న పటం లాంటిది, ఎవరూ నిలబడకుండా పలకరు. ఆవిడ ఆజ్ఞ ఏమిటంటే, బయల్దేరే ముందు ఇంట్లోనే చిన్న వీడియో తీయాలి. కుందేలు తివాచీ మీద పడి ఉండాలి. జ్లాతా వంగి దాన్ని తీసుకుని, ముద్దు పెట్టుకుని, ఆ రోజు అలసటలో చూసుకోలేదు, క్షమించు చిట్టితల్లీ అనాలి. సాయంత్రానికి దేశమంతా కరిగి నీరైపోతుందని ఆవిడ హామీ.

"నేను చెయ్యను," అంది జ్లాతా.

అది పొద్దున్నించి పలికిన మొదటి మాట. ఇంగా ఫోను బల్ల మీద పెట్టింది.

ఎందుకు చెయ్యవని తల్లి అడిగింది. నాకిష్టం లేదని పిల్ల చెప్పింది. ఇష్టాలు నీకెప్పట్నుంచి వచ్చాయని తల్లి. పోనీ మాటలు చెబుతా, వంగడాలూ తీయడాలూ ఏమిటి, నేనేమన్నా సర్కస్ కుక్కనా అని పిల్ల. గొంతు పెరిగింది. తలుపవతల బూట్లు తుడుచుకుంటున్న తండ్రి రోడియన్ ఒకసారి తొంగి చూసి, తనకిక్కడ పనేమీ లేదని గ్రహించి, బాల్కనీలోకి సిగరెట్టుకి వెళ్ళిపోయాడు. ట్రామ్ నడిపే మనిషి. పట్టాలు లేని చోటికి వెళ్ళడు.

"సర్కస్ కుక్కకి విశ్వాసం ఉంటుంది," అంది ఇంగా.

జ్లాతా చేతిలోంచి చెంచా జారి నేల మీద పడింది.

ముగ్గురూ చెంచా వంక చూశారు. చెంచా పడితే ఎవరైనా ఏం చేస్తారు, వంగి తీస్తారు. జ్లాతా మాత్రం పాదంతో దాన్ని మెల్లిగా బీరువా కిందికి నెట్టేసింది. నెట్టి, డ్రాయరు లాగి ఇంకో చెంచా తీసుకుంది.

తయా నవ్వు ఆగిపోయింది.

ఆ నెట్టడం తయాకి తెలుసు. తుంటి అరగడం మొదలైన చలికాలం, పెన్నులూ సాక్సులూ దువ్వెనలూ అన్నీ అలాగే మంచం కిందికి నెట్టింది. తర్వాత మంచం జరిపితే ఒక బుట్టెడు బయటపడ్డాయి.

ఇంక అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. చాలా రోజులుగా ఇది నిలబడే తింటోంది. బరువు పెరగకుండా అనుకుంది. బూట్ల తాళ్ళు తండ్రి చేత కట్టించుకుంటోంది. గారాబం అనుకుంది. ఆదివారం ఆట అయ్యాక ప్రేక్షకులకి మోకాళ్ళ దాకా వంగి నమస్కరించాల్సింది, మెడ మాత్రం ఊపింది. గర్వం అనుకుంది. అనుకున్నవన్నీ తప్పే. అందరికంటే ముందు పసిగట్టాల్సిన మనిషి, సోఫాలో కూర్చుని పళ్ళికిలించింది. తయాకి తన మీద తనకే రోత పుట్టింది.

*

జ్లాతా గదిలోకి వెళ్ళాక తయా వెనకాలే వెళ్ళి తలుపు వేసింది. ఏమీ అడగలేదు. బల్ల మీదున్న చేతి తొడుగు తీసి నేల మీద పడేసింది.

"తియ్యి."

"పిచ్చా నీకు?"

"తియ్యవే."

జ్లాతా అక్క మొహం చూసింది. తప్పించుకోవడం కుదరదని అర్థమైంది. ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, నడుము కర్రలా నిటారుగా ఉంచి, మోకాళ్ళు మడుచుకుంటూ నిలువునా కిందికి దిగింది. తొడుగు అందుకుంది. లేవడానికి మాత్రం ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. పై పెదవి మీద చెమట పట్టింది.

"ఎప్పట్నుంచి?"

"శరదృతువు నుంచి."

"ఎక్కడ?"

జ్లాతా వెనక్కి చెయ్యి పెట్టి, నడుము కింద కుడివైపు చూపించింది. దిగేది కుడికాలి మీదే కదా. ప్రతిసారీ ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఆ ఒక్క కాలి మీద పడి, అక్కణ్ణుంచి నడుములోకి ఎక్కుతుంది. దానికి తోడు కాలు వెనక్కెత్తి విల్లులా వంగే భంగిమలు. మొదట సూది గుచ్చినట్టుండేదట. తర్వాత కత్తి. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే లేవలేదు, పక్కకి దొర్లి లేస్తుంది. జట్టు డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముకలో చీలిక ఉందన్నాడు. ఆ మాట రిమ్మా అర్కాద్యెవ్నా ముందే అన్నాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, చీలికేగా, విరగలేదుగా అందట. పోటీ రోజుల్లో ఒక సూదిమందు వేస్తారు. ఆట అయ్యేదాకా నడుము ఉందో లేదో తెలీదు. అయ్యాక తెలుస్తుంది.

"కుందేలు పడినప్పటికి మందు దిగిపోయింది," అంది జ్లాతా. "వంగితే లేవలేనని తెలుసు. మంచు మీద అందరి ముందూ పడిపోతే అప్పుడేమనేవాళ్ళు? అందుకే చుట్టూ తిరిగి వచ్చేశా. ఆ పిల్ల ఏడుస్తుంటే చూశానక్కా. చూశాను."

మార్కుల కోసం కోచ్ పక్కన బెంచీ మీద కూర్చున్నాక లేవడం ఎలాగని తయా అడిగింది. జ్లాతా నవ్వింది. అదే పెద్ద తమాషా అంది. మార్కులు రాగానే రిమ్మా అర్కాద్యెవ్నా లేచి, రెండు చేతులూ పట్టుకుని, పైకి లాగి కౌగలించుకుంటుంది. టీవీ వ్యాఖ్యాత కరిగిపోయి, చూశారా, కన్నతల్లి కూడా ఇంత ప్రేమగా చూసుకోదు అంటాడు.

"థూ," అంది తయా. "ఆ ప్రేమ నాకూ చేసింది ఆవిడ. నా తుంటి ఆ ప్రేమకే పోయింది."

ఇప్పుడే వెళ్ళి అమ్మకి చెబుతానంది. జ్లాతా తలుపుకి అడ్డం నిలబడింది. చెల్యాబిన్‌స్క్ పోటీలు ఒక్కటీ అయిపోనీ అని బతిమాలింది. అవి దేశ పోటీలు, గెలిస్తే యూరప్‌కి పంపుతారు. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ కాదు. ఈ ఏడు ఒళ్ళు ఇంకా సన్నగా ఉంది, గాల్లో తిరుగుతోంది. వచ్చే ఏటికి ఛాతీ వస్తుంది, తొడలొస్తాయి, నాలుగు చుట్లు మూడవుతాయి, మూడు రెండవుతాయి. వెనక పదమూడేళ్ళ పిల్ల ఒకతి అప్పుడే కాచుకుని ఉంది. రిమ్మా అర్కాద్యెవ్నా దాని వంక చూసే చూపు మారింది.

"నిన్ను చూసినట్టు చూస్తోందా? నేను ఆడుతుండగానే ఆవిడ చూపు నీ మీదికి మళ్ళినట్టు?"

జ్లాతా తల దించుకుంది.

"దూకితే ఏమవుతుందో తెలుసా? ఆ చీలిక ఇంకో వైపుకీ పాకుతుంది. ఎముక ముందుకి జారుతుంది. పిల్లల్ని ఎత్తుకోవడం సంగతి తర్వాత, నీ బూటు నువ్వు వేసుకోలేవు. నాకు తుంటి పోయింది. నీకు నడుము పోతుంది. ఇద్దరం ఆ సోఫాలో చెరో మూలా కూర్చుని టీవీ చూద్దాం. అమ్మకి మనిద్దరినీ తుడవడం ఒక పని."

"నీకు కుళ్ళు," అంది జ్లాతా మెల్లగా. "నాలుగు చుట్లు నీకు రాలేదు. అదీ నీ బాధ."

తయాకి చెంప మీద కొట్టినట్టయింది. నిజం కాకపోతే అంత తగిలేది కాదు. బాల్కనీలో తండ్రి దగ్గు వినిపిస్తోంది.

జ్లాతానే దగ్గరికొచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. తప్పుగా అన్నానని మాత్రం చెప్పలేదు. "నువ్వేమీ చెయ్యక్కర్లేదు. ఎవరికీ చెప్పకు. ఎక్కడైనా కూర్చోవాల్సొస్తే, లేచేటప్పుడు కాస్త చెయ్యి అందించు. అంతే. ఇవాళ ఒక్కరోజు. ఇంట్లో నీకు తప్ప ఎవరికీ తెలీదు."

తయా మాటివ్వలేదు. కాదనీ అనలేదు. మంచం మీద కూర్చుంది. కూర్చోగానే ఏదో తేడా తెలిసింది. ఈ మంచం ఇంత ఎత్తుండేది కాదు. దుప్పటి ఎత్తి చూసింది. పరుపు కింద ఇంకో పరుపు ఉంది, తన గదిలోంచి పోయిన పాతది. ఎత్తయిన మంచం మీంచి దిగడం తేలిక.

"ఇది ఎవరు వేశారు?"

జ్లాతాకి తెలీదు. ఒకరోజు ప్రాక్టీసు నుంచి వచ్చేసరికి ఉందట. మెత్తగా ఉంటుందని నాన్న వేశాడేమో అనుకుందట.

*

హాల్లోకి వెళ్ళేసరికి ఇంగా వీడియోకి అన్నీ సర్దుతోంది. తివాచీ దులిపింది. దీపం ఇటు తిప్పింది. కుందేలుని మాత్రం తివాచీ మీద పెట్టలేదు. సోఫా చేతి మీద, నడుము ఎత్తుకి, జాగ్రత్తగా కూర్చోబెట్టింది.

"కోచ్ గారు కింద పెట్టమన్నారు కదా," అంది తయా గుమ్మంలోంచి.

"కింద పెడితే వెలుతురు సరిగా పడదు."

"వెలుతురా?"

"అవును, వెలుతురు." ఇంగా వెనక్కి తిరగలేదు. కుందేలు పొట్టి చెవిని లాగి పొడుగు చేయాలని చూస్తోంది.

తయా గుమ్మం దగ్గరే నిలబడి తల్లి వీపు చూసింది. నీలం స్వెట్టరు, మెడ దగ్గర జారిన క్లిప్పు. పొద్దున్నించి ఈ మనిషి పొగరు, పొగరు అని గొంతు చించుకుంది. కోపమంతా నిజమేనని నమ్మించింది. నాటకాల కంపెనీలో చేరాల్సిన మనిషి ఇజెవ్‌స్క్ బ్యాంకులో ఏళ్ళకేళ్ళు వృథాగా కూర్చుంది.

"పరుపు నువ్వే వేశావు," అంది తయా.

ఇంగా చేతులు ఆగాయి. ఇద్దరి మధ్యా కుందేలు కూర్చుని ఉంది.

ఇంగా చాలా మామూలు గొంతుతో మాట్లాడింది. "కొత్త బూట్లు. కొత్త బూట్లకి నడుము పట్టేస్తుంది. నీకూ పట్టేసేది."

"నాకు పట్టేసింది ఇంకా వదల్లేదమ్మా."

"నీ సంగతి వేరు. నువ్వు చెప్పిన మాట వినలేదు. బరువు పెరిగావు."

తయా ఈ మాటకి ఏడుస్తుందని ఇంగా అనుకుని ఉంటుంది. తయా ఏడవలేదు. ఏడుపు స్టాకు ఎప్పుడో అయిపోయింది. "మరి దాని ముందు నీకేమీ తెలీనట్టు ఎందుకు నటిస్తున్నావు? పొద్దున్నించీ ఆ పిల్లని పొగరుబోతని తిడుతూ?"

అప్పుడు ఇంగా తిరిగింది. మొహంలో సిగ్గు ఉంటుందని తయా ఎదురుచూసింది. అక్కడ లెక్క తప్ప ఇంకేమీ లేదు.

"పొగరంటే జనం క్షమిస్తారు," అంది. "ఒక వీడియో పెడితే అయిపోతుంది. నడుమని బయటికి పొక్కితే రేపొద్దున్నే పైవాళ్ళు జట్టులోంచి తీసేస్తారు. ఆ పదమూడేళ్ళ దాన్ని పెడతారు. తిట్టుకోనీ. గర్విష్ఠి అనుకోనీ. ఎవరూ నడుము సంగతి ఆలోచించకుండా ఉంటే చాలు. అందుకే నేను అందరికంటే గట్టిగా తిడుతున్నాను."

కన్నతల్లి ఇంత తెలివైనదని తయాకి ఇన్నాళ్ళూ తెలీదు.

"నాన్నకి తెలుసా?"

"మీ నాన్నకి చెబితే పెట్టె సర్దుకుని పిల్లని తీసుకుని ఇజెవ్‌స్క్ రైలెక్కుతాడు. ఆయన అలాంటి మనిషి," అంది ఇంగా, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు. "నువ్వు కూడా నోరు మూసుకో. దాని బతుకు పాడు చెయ్యకు."

జ్లాతా వచ్చింది. జడ అల్లుకుని, పెదాలకి రంగు వేసుకుని, కెమెరా ముందు నిలబడింది. చెయ్యి చాపి సోఫా మీంచి కుందేలుని తీసుకుంది. ముద్దు పెట్టుకుంది. క్షమించు చిట్టితల్లీ అంది. ఒక్కసారికే భలే వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఇంగా మెచ్చుకుని వీడియో పంపించేసింది. మంచుకి తెల్లబడ్డ చెట్లలా తల్లీకూతుళ్ళిద్దరూ అందంగా ఉన్నారు.

*

విమానానికి టైమవుతోంది. రోడియన్ పెట్టెలన్నీ గుమ్మం దగ్గరికి చేర్చాడు. జ్లాతా భుజం సంచిలోంచి కుందేలు తల బయటికి పెట్టుకుని చూస్తోంది. చెల్యాబిన్‌స్క్‌లో విమానం దిగేటప్పుడు అది ఫోటోల్లో కనబడాలని రిమ్మా అర్కాద్యెవ్నా ఫోను చేసి మరీ చెప్పింది. టాక్సీ కింద ఆగి ఉంది.

"పదండి, పదండి," అంది ఇంగా తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి.

"కూర్చోకుండానా?" అన్నాడు రోడియన్.

దూర ప్రయాణానికి ముందు ఇంట్లో అందరూ కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. రోడియన్ వాళ్ళమ్మ కూర్చోబెట్టేది, ఆవిడ తల్లి కూర్చోబెట్టేది. ఇంట్లో ఏ విషయంలోనూ నోరెత్తని రోడియన్ ఈ ఒక్కదాని దగ్గర మాత్రం పట్టు విడవడు. ఒకసారి కూర్చోకుండా బయల్దేరారు. ఆ ప్రయాణంలోనే తయా తుంటి పోయింది. ఆయన దృష్టిలో తుంటి పోయింది అందుకే.

ఈసారి టైము లేదని ఇంగా అంది. టైముందని రోడియన్ అన్నాడు. అని, బూట్లు వేసుకునే పొట్టి బల్లని కాలితో జ్లాతా వైపు జరిపాడు. "కూర్చో తల్లీ. అపశకునం వద్దు. అసలే పెద్ద పోటీ."

జ్లాతా గోడకి ఆనుకుంటానంది. ఇలాగే చాలంది. తండ్రి ఒప్పుకోలేదు. నిలబడితే లెక్కలోకి రాదన్నాడు. అంత ప్రేమగా చెబుతుంటే కాదనడానికి పిల్లకి కారణం దొరకలేదు. గోడ పట్టుకుని, నిలువునా దిగి, మోకాలెత్తు కూడా లేని ఆ బల్ల మీద కూర్చుంది. దిగేటప్పుడు ఒకసారి తయా వైపు చూసింది.

ఇంగా పెట్టె మీద కూర్చుంది. రోడియన్ ఇంకో పెట్టె మీద. తయా వంటింట్లోంచి తెచ్చుకున్న కుర్చీ మీద. రోడియన్ కళ్ళు మూసుకున్నాడు. మీటరు తిరుగుతూ ఉండుంటుందని ఇంగా ఆలోచిస్తోంది, ఆవిడ మడమ నేల మీద కొట్టుకుంటోంది. జ్లాతా మాత్రం అద్దంలో తన మొహాన్ని చూసుకుంటూ, పోటీకి ముందు చేసినట్టు ముక్కుతో నెమ్మదిగా గాలి పీలుస్తోంది.

"దేవుడు తోడుండాలి," అని రోడియన్ లేచాడు. ఇంగా లేచింది. తయా లేచింది.

జ్లాతా లేవలేదు. నవ్వింది. ఇంకొక్క నిమిషం కూర్చుంటానంది. తండ్రి సంతోషంగా కూర్చోమన్నాడు. పెట్టెలు తలుపు దాకా లాగాడు. తిరిగి చూసేసరికి పిల్ల ఇంకా అలాగే ఉంది, ఒక చెయ్యి ముందుకి చాచి. తయా వైపు చాచి.

తయా ఆ చెయ్యి చూసింది. సన్నటి మణికట్టు, గోళ్ళకి వెండి రంగు. పట్టుకుని లాగితే అయిపోతుంది. అక్కాచెల్లెళ్ళ ప్రేమలా ఉంటుంది. కింద టాక్సీ ఎక్కుతుంది. రేపు సూదిమందు, నాలుగు చుట్లు, ఆ తర్వాత కౌగిలి. ఆ తర్వాత సంగతి ఎవరూ టీవీలో చూపించరు.

తయా రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

"అక్కా," అంది జ్లాతా.

"తయా, దానికి చెయ్యి అందించు," అంది ఇంగా. తొందరలో నోరు జారింది. జారాక తెలిసింది.

రోడియన్ పెట్టె పిడి వదిలేశాడు. "చెయ్యెందుకు?" అని అడిగాడు.

తయా మళ్ళీ కుర్చీలో కూర్చుంది. తన తుంటి కూడా నొప్పి పెడుతోంది. అంత తొందరేమీ లేదు.

జ్లాతా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చూపులో ఉన్నది ద్వేషం, దాన్ని ఇంకో పేరు పెట్టి పిలవలేం. తర్వాత తండ్రి కళ్ళ ముందే పక్కకి ఒరిగింది. మోకాళ్ళ మీదికి దొర్లింది. కోట్లు తగిలించే కొయ్య పట్టుకుని, గోడ పట్టుకుని, ముసలివాళ్ళు లేచినట్టు లేచింది. దేశంలో అందరికంటే ఎత్తుకి ఎగిరే పిల్ల. లేచి నిలబడేసరికి పెదాల రంగు తప్ప మొహంలో రంగు లేదు.

"పదండి," అంది. "నాకేం కాలేదు. కొత్త బూట్లు."

లేచే పెనుగులాటలో భుజం సంచి ఒరిగి, కుందేలు జారి పడింది. గుమ్మానికీ వాళ్ళకీ మధ్య, పొడుగు చెవి ఒకవైపు, పొట్టి చెవి ఒకవైపు, బోర్లా పడి ఉంది.

కింద టాక్సీ వాడు హారను కొట్టాడు. ఇంగా ఫోను మోగింది, రిమ్మా అర్కాద్యెవ్నా. ఎత్తడానికి ఇంగాకి చెయ్యాడలేదు.

రోడియన్ కుందేలు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. పట్టాల మీద అడ్డంగా ఏదో కనబడితే ఆయన ట్రామ్‌లో అలాగే చూస్తాడు. తర్వాత మెల్లగా వెళ్ళి, మూసి ఉన్న తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నీ కుందేలు పడిపోయింది, తల్లీ," అన్నాడు. "తీసుకో."